నా జడ ముడి వేసింది నాతో పోటీకి వచ్చిన అమ్మాయే

మొన్న బాల్‌రూమ్ డాన్సు పోటీ ఫొటోలు పెట్టాను. జంటలుగా చేసే పాశ్చాత్య డాన్సు అది. దూరపు బాబాయి ఒకాయన కామెంట్: "పైకి నవ్వులే గానీ, లోపల ఒకళ్లంటే ఒకళ్లకి ఎంత కుళ్లో!" దాని కింద ఒక పిన్ని: "ఆ అబ్బాయి ఎవరమ్మా?" పిన్ని సంగతి తర్వాత. బాబాయికి మాత్రం కామెంట్‌లో రెండు ముక్కలు చెబితే సరిపోదు.

కుళ్లంటే ఏంటో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు బాబాయ్. ఇంటర్ రెసిడెన్షియల్‌లో చదివాను. వారం వారం ర్యాంకులు మెస్‌కి వెళ్లే దారిలో గోడకి అంటించేవాళ్లు. నా పక్క మంచం అమ్మాయి "ఏం చదవలేదే" అని ముసుగు తన్ని, దుప్పట్లో టార్చి వేసుకుని చదివేది. నేనేం తక్కువ తిన్లేదు. సీనియర్ ఇచ్చిన ఫిజిక్స్ నోట్సు పెట్టెలో బట్టల అడుగున దాచాను.

ఆ బుద్ధితోనే అమెరికా వచ్చాను. యూనివర్సిటీ క్లబ్‌లో సరదాగా చేరి, కొన్ని నెలలకి మొదటి పోటీకి వెళ్లాను. పొద్దున్నే లేడీస్ వాష్‌రూమ్‌లో అద్దం ముందు నిలబడ్డాను. నా జడ నడుము దాటుతుంది. దాన్ని ముడి చుట్టి, ఒక్క వెంట్రుక లేవకుండా జెల్ రాసి స్ప్రే కొట్టాలి. రెండుసార్లు చుట్టాను, రెండుసార్లూ జారిపోయింది. పక్కన ఇంకో యూనివర్సిటీ అమ్మాయి కాసేపు చూసి, నా చేతిలో దువ్వెన లాక్కుంది. పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటీ గుచ్చుతూ "ఏ లెవెల్?" అంది. బ్రాంజ్ వాల్ట్జ్ అన్నాను. వాల్ట్జ్ ఒక డాన్స్, బ్రాంజ్ అంటే కింది లెవెళ్లలో ఒకటి. "నేనూ అదే" అంది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఇంకో నాలుగు పిన్నులు గుచ్చి, "కళ్లు మూసుకో" అని స్ప్రే కొట్టింది.

ఆ రోజు తను సెమీఫైనల్‌కి వెళ్లింది, నేను వెళ్లలేదు. వాళ్ల వాటర్ బాటిల్ పట్టుకుని ఫ్లోర్ పక్కన నిలబడి, తన పార్టనర్ వీపు మీద నంబరు చూసి గొంతు పోయేలా అరిచాను. మా దగ్గర పేర్లతో పాటు నంబర్లు కూడా అరుస్తారు, జడ్జీల కన్ను ఆ జంట మీద పడాలని.

మార్కుల పద్ధతి తెలిస్తే బాబాయి ఇంకా ఆశ్చర్యపోతాడు. మొదటి రౌండ్లలో జడ్జి మళ్లీ చూడాలనుకున్న జంటలకి టిక్ పెడతాడు, అంతే. ఫైనల్లో మామూలుగా ఆరు జంటలు. ప్రతి జడ్జీ వాళ్లకి వరసగా ర్యాంకులు ఇస్తాడు. అంటే ఒకళ్లు పైకెళ్తే ఇంకొకళ్లు కిందకి రావాల్సిందే. అచ్చం మా మెస్ గోడే! మరి ఇక్కడెందుకు దాచుకోరు?

నాకు తోచింది చెప్తాను. దాచడానికి ఏమీ లేదు. బ్రాంజ్‌లో ఏ స్టెప్పులు వెయ్యొచ్చో లిస్టు ఉంటుంది, దాన్ని సిలబస్ అనే అంటారు. నేచురల్ టర్న్ అనే స్టెప్పు నాకూ తెలుసు, తనకీ తెలుసు. వాల్ట్జ్‌లో ఫ్లోర్ కూడా అందరిదీ ఒకటే, గుడి ప్రదక్షిణకి రివర్స్‌లో అందరూ ఒకే దిక్కుగా తిరగాలి. నువ్వు ఎవరినైనా గుద్దితే నీ స్టెప్పూ పోతుంది. పైగా ఒక్క డాన్స్ నిమిషంన్నర, తర్వాతి రౌండ్ కోసం ఎదురుచూపు గంటలు. అన్ని గంటలు నేల మీద కూర్చుని, వైర్ బ్రష్‌తో షూ అడుగులు గీకుతూ, ఒకే చిప్స్ ప్యాకెట్‌లో చేతులు పెట్టినవాళ్ల మీద ఎంతసేపని కుళ్లుకుంటారు?

అందరూ దేవతలని అనట్లేదు. 1920 నుంచి ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో జరిగే పోటీల్లాంటి చోట్ల గెలవడానికి వెళ్లేవాళ్లకి ఇదే బతుకు, ఒక్కో గౌనుకి వేల డాలర్లు. అక్కడ గుండెల్లో ఏముంటుందో నేను హామీ ఇవ్వను. మా స్థాయిలో అసలు గొడవ పార్టనర్ల దగ్గరే వస్తుంది. లీడ్ చేసే, అంటే జంటని నడిపించే అబ్బాయిలు తక్కువ, ఆ నడకని ఫాలో చేసే అమ్మాయిలు ఎక్కువ. రెండో ఏడాది పోటీకి మూడు వారాల ముందు నా పార్టనర్ నన్ను వదిలేసి మా క్లబ్ అమ్మాయితోనే జత కట్టాడు. ఆ అమ్మాయి ముందురోజు నాతో కలిసి బిర్యానీ తిన్నది. చెప్పలేదు. అది ఇప్పటికీ మంటే.

అప్పుడు ఒక సీనియర్ "నేను లీడ్ చేస్తాను, పద" అంది. నాలుగేళ్లు ఫాలో చేసిన మనిషి. మొదటి రోజు మ్యూజిక్ మొదలవగానే అలవాటు కొద్దీ తనూ కుడికాలు వెనక్కి వేసింది, నేనూ వేశాను. చేతులు సాగి, ఇద్దరం చెరో వైపు! పది నిమిషాలు నవ్వడంతోనే సరిపోయింది. మూడు వారాలు తన ప్రాక్టీసు సగం చేసుకుని సగం నాకిచ్చింది. ఇద్దరమ్మాయిలు జంటగానా అని ముక్కున వేలేసుకోకండి. అమెరికాలో పోటీల రూల్స్ పెట్టే నేషనల్ డాన్స్ కౌన్సిల్ కూడా 2019లో జంటంటే ఒక లీడ్, ఒక ఫాలో, ఆడా మగా ఎవరైనా పర్లేదని రూలు మార్చింది.

పిన్నీ, ఆ ఫొటోలో అబ్బాయి నా పార్టనర్. డాన్స్ పార్టనర్. వాళ్లావిడే ఆ ఫొటో తీసింది.

ఈ శనివారం మళ్లీ పోటీ. నా జడ ముడి వేసిన అమ్మాయి ఇప్పుడు నాకన్నా ఒక లెవెల్ పైన ఉంది. షూ మడమలకి తొడిగే హీల్ క్యాప్స్ అరిగిపోయాయి, ఉంటే పట్రమ్మని రాత్రి మెసేజ్ పెట్టింది. రెండు జతలు కొన్నాను. పోయినసారి కొన్నవాటి డబ్బులే ఇంకా రాలేదు.