డిశ్చార్జ్ చీటీలో మరుగునపడుతున్న తేదీ

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) నుంచి బతికి బయటపడితే ఇంట్లో అందరూ గండం గడిచిందనే అనుకుంటారు. ఇన్‌ఫెక్షన్ తగ్గింది, పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, ఇంకేం కావాలి? కానీ అంత ముందే పుట్టిన బిడ్డకి కంటి వెనక చూపునిచ్చే పొర రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకుని ఉండవు. బయటికొచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనాని లాగేసి ఊడదీస్తాయి. దీన్నే ఆర్‌ఓపీ (రెటినోపతి ఆఫ్ ప్రీమెచ్యూరిటీ) అంటారు. మొదట్లో కన్ను ఎర్రబడదు, నీరు కారదు, పైకి ఏ తేడా కనపడదు. బిడ్డ మొహంలోకి చూడట్లేదని కొన్ని నెలలకి తల్లికి అనుమానం వచ్చేసరికి చాలాసార్లు చేయి దాటిపోయి ఉంటుంది.

ఇలా పోయే చూపులో ఎక్కువ భాగం వైద్యం లేక పోవట్లేదు, పరీక్ష తేదీ దాటిపోయి పోతోంది. మన దేశ మార్గదర్శకాల ప్రకారం 2 కిలోల లోపు బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన ప్రతి బిడ్డకీ 30 రోజుల్లోపు కంటి పరీక్ష జరగాలి, మరీ చిన్న పిల్లలకైతే ఇంకా ముందే. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్రా జలాలీ ఏళ్ల తరబడి ఈ 30 రోజుల మాటే చెబుతున్నారు. అయినా డిశ్చార్జ్ చీటీలో విటమిన్ చుక్కలు, ఐరన్, టీకాలు అన్నీ వరసగా రాసి, కంటి పరీక్ష సంగతి చివర్లో ఇంగ్లిష్‌లో ఒక ముక్క రాసి వదిలేస్తే దాన్ని ఎవరు చదువుతారు? పైగా మన ఇళ్లలో బాలింతనీ పసిగుడ్డునీ నెలా నెలన్నర గడప దాటనివ్వరు. సరిగ్గా ఆ రోజుల్లోనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

1996లో చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ఆసుపత్రిలో 29 వారాలకే పుట్టిన పాపకి ఈ పరీక్ష చేయలేదు, చేయించాలని తల్లిదండ్రులకీ చెప్పలేదు. పాప చూపు పోయింది. 2015లో సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్ల పరిహారం ఇవ్వమంది. తీర్పు రావడానికి ఆ కుటుంబానికి 19 ఏళ్లు పట్టింది, పరీక్షకి పట్టేది కొన్ని నిమిషాలు.

ఆక్సిజన్ సంగతి ఇంకా చిక్కు: నెలతక్కువ బిడ్డకి అది ఎక్కువైతే ఆర్‌ఓపీ ముప్పు పెరుగుతుంది, తక్కువైతే ప్రాణానికే ముప్పు. 1940ల్లో, 50ల మొదట్లో అమెరికాలో ఇంక్యుబేటర్లలో విచ్చలవిడిగా ఆక్సిజన్ ఇచ్చి వేలమంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు, తర్వాత భయపడి మరీ తగ్గిస్తే ప్రాణాలే పోయాయి. 2010లో నెలతక్కువ పిల్లల మీద వచ్చిన సపోర్ట్ అనే అధ్యయనంలోనూ అదే తేలింది: రక్తంలో ఆక్సిజన్ శాతం 85-89 మధ్య ఉంచితే తీవ్రమైన ఆర్‌ఓపీ తగ్గింది కానీ 91-95 మధ్య ఉంచిన పిల్లలకంటే మరణాలు పెరిగాయి. అందుకే ఇప్పుడు 90-95 మధ్య ఉంచడానికి చూస్తారు. బిడ్డ పాదానికి చుట్టిన, ఆక్సిజన్ శాతం కొలిచే ఎర్ర లైటు, మానిటర్ మీద 100 అంకె, అది చూసి ఊపిరి పీల్చుకునే తండ్రి... ఆక్సిజన్ పెట్టిన నెలతక్కువ బిడ్డకి ఆ 100 మంచి అంకె కాదు, అవసరానికి మించి ఇస్తున్నారేమో చూసుకోమని చెప్పే అంకె. గాలీ ఆక్సిజనూ కలిపి కొలతగా ఇచ్చే బ్లెండర్, రాత్రి పూట కూడా ఆ అంకెని గమనించే నర్సు, ఈ రెండూ లేకుండా బెడ్లు మాత్రం పెంచుకుంటూ పోతే మనం కాపాడిన పిల్లల చూపుని మనమే ప్రమాదంలో పెట్టినట్టు.

ప్రతి ఊరికీ రెటీనా డాక్టర్ని పంపలేమన్నది నిజమే. కర్ణాటకలో 2008 నుంచి శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరాతో జిల్లాల ఎస్‌ఎన్‌సీయూలకి (ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నవజాత శిశు ప్రత్యేక విభాగాలకి) వెళ్లి ఫొటోలు తీస్తున్నారు, వాటిని నిపుణులు దూరం నుంచే చూస్తున్నారు. ప్రతి జిల్లాలోనూ ఇలాంటి ఏర్పాటు ఉండాలి. అంతకంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది: బిడ్డని చేర్చుకున్న రోజే 30వ రోజు తేదీ లెక్కగట్టి కేస్ షీట్ మీద, తల్లి చేతిలోని కార్డు మీద తెలుగులో పెద్దగా రాయాలి. ఆశా కార్యకర్త 21వ రోజు, 28వ రోజు ఎలాగూ ఇంటికి వెళ్తుంది, కంటి పరీక్ష అయ్యిందా అని అడగడం ఆమె ఫారంలో చేర్చాలి.

పరీక్షప్పుడు కంట్లో చుక్కలు వేసి, రెప్పలు తెరిచి పట్టే చిన్న క్లిప్ పెడితే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడలేక రెండోసారి రాని తల్లిదండ్రులున్నారు. దయచేసి రండి. మొదటిసారి బాగుందన్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు, నాళాలు పూర్తిగా పెరిగాయని డాక్టర్ చెప్పేదాకా వారం రెండు వారాలకోసారి చూపించాలి. నాళాల అడ్డదిడ్డ పెరుగుదలని ఆపే లేజర్ చికిత్స కావాలంటే రెండు మూడు రోజుల్లోపు చేయించేయాలి.