మాకేం కాలేదండీ!

మగవాళ్ళ మనసుకి కూడా వైద్యం కావాలంటూ ఈ మధ్య విశాఖపట్నంలో వినబడుతున్న మాటల్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. చిన్నప్పటి గాయాలు మానాలట. అసలు గాయమైతే కదా మానడానికి! మన తరం మగవాళ్ళలో ఎవర్నయినా అడగండి. చింతబరికె విరిగేదాకా కొట్టారనీ, గోడకుర్చీ వేయించారనీ, ఓ రాత్రి వీధరుగు మీద వదిలేసి తలుపేసుకున్నారనీ, ఆ రాత్రి తను వేసుకున్న చొక్కా రంగుతో సహా చెబుతాడు. చెప్పి, "అయినా నాకేం కాలేదు, అందుకే బాగుపడ్డాను" అంటాడు. నలభై ఏళ్ళ కిందటి చొక్కా రంగు గుర్తుండటం మంచి జ్ఞాపకశక్తికి నిదర్శనం. అంతకుమించి ఏమీ లేదు.

బాగుపడ్డాడనడానికి రుజువు కావాలంటే సాయంత్రం గాజువాకలోనో మధురవాడలోనో అలాంటి ఇంటి దగ్గర నిలబడండి. సందు చివర బండి చప్పుడు కాగానే లోపల టీవీ ఆగిపోతుంది, పిల్లలు పుస్తకాలు తెరుస్తారు, ఇల్లాలి గొంతు తగ్గిపోతుంది. దీన్నే క్రమశిక్షణ అంటారు. వంటింట్లో గిన్నె జారితే ఆ ఇంటాయన ఉలిక్కిపడతాడు, నిజమే. కానీ అది ఎవరి కంటా పడకముందే కేకగా మార్చేస్తాడు. భయం, సిగ్గు, దిగులు, లోపల ఏది పుట్టినా బయటికి కోపంగానే రావాలి. మగాడికి లైసెన్సున్న సరుకు అదొక్కటే.

ఏడుపుకీ మనకో పద్ధతి ఉంది. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదన్న సామెత క్వార్టర్ పూర్తయ్యేదాకానే వర్తిస్తుంది. ఆ తర్వాత "మా నాన్న ఒక్కసారైనా భుజం తట్టలేదు మావా" అని ఎంతసేపైనా ఏడవొచ్చు. తెల్లారి "రాత్రి కాస్త ఎక్కువైంది" అంటే చాలు, రికార్డుల్లోంచి కొట్టేస్తారు. పక్కవాడు కూడా అదే ఏడుపు ఏడ్చి ఉంటాడు కనక సాక్ష్యమూ ఉండదు.

మందు అలవాటు లేనివాళ్ళకి ఆర్కే బీచి ఉండనే ఉంది. గాలికొచ్చామని చెప్పి సముద్రం వైపు తిరిగి ఎంతసేపు నిలబడినా అడిగేవాడు లేడు. నాకు అభ్యంతరమల్లా అక్కడ ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామి గురించే. 1969 నుంచి 2001 దాకా 31 ఏళ్ళు నీళ్ళ కింద అంత ఒత్తిడినీ నోరు మెదపకుండా భరించింది కదా, రిటైరయ్యాక అలాగే ఉండొచ్చుగా? 2002లో తలుపులు తీసేసింది. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ లోపలంతా చూసి వస్తున్నాడు. మన రిటైర్డు పెద్దమనుషులు ఇనుముకన్నా గట్టివాళ్ళు. డెబ్భై దాటినా మూత తీసిన పాపాన పోలేదు.

ఇక పరిశోధనలంటారా? మనలాగే సముద్రమూ నౌకాదళమూ ఉన్న అమెరికా ఊరు శాన్ డియాగోలో వేలమందిని అడిగి, 1998లో ఫెలిటీ, ఆండా అనే డాక్టర్లూ వాళ్ళ బృందమూ ఓ లెక్క తేల్చారు. చిన్నప్పుడు తిట్లు, దెబ్బలు, లైంగిక హింస, తన్నులు తినే తల్లి, ఇంట్లో తాగుబోతు, ఇలాంటివి నాలుగు రకాలో అంతకుమించో చూసినవాళ్ళకి తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువట. గుండెజబ్బులూ పెరుగుతాయట. గుండెజబ్బు బజ్జీల వల్ల వస్తుందని మా బీచిలో అందరికీ తెలుసు.

మన దేశంలోనే, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల పిల్లల మీద ఒక అధ్యయనం బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. లైంగిక వేధింపుకి గురయ్యామన్న పిల్లల్లో 52.94 శాతం మగపిల్లలేనట. పిల్లలపై లైంగిక నేరాల్ని శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం కూడా ఆడా మగా తేడా చూడదు. దీన్ని మాత్రం చచ్చినా ఒప్పుకోను. మగపిల్లలకి అలాంటివి జరగవు. జరిగినా చెప్పరు. చెప్పనిది జరిగినట్టు కాదు. ఎన్నో కుటుంబాల పరువూ, ఫలానా చుట్టం వచ్చినప్పుడల్లా చేసే కాఫీ మర్యాదలూ ఈ మూడు ముక్కల మీదే నిలబడి ఉన్నాయి.

ఇవి చాలవన్నట్టు 2022 అక్టోబరులో మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడుకోడానికి ప్రభుత్వంవాళ్ళు టెలిమానస్ అని 14416 నంబరొకటి తెచ్చారు. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులడగదు, పైగా తెలుగులో మాట్లాడుతుంది. మగాడికి ఒక్క సాకైనా మిగలకుండా పన్నిన కుట్ర ఇది. వెనకటికి "చినవాల్తేరు పంపించేస్తాం" (అంటే అక్కడి పిచ్చాసుపత్రికి) అని ఒక్క మాటంటే చాలు, ఎవడూ మనసు ఊసెత్తేవాడు కాదు.

ఈ కుట్రకి మాలోనే ఒకడు పడిపోయాడు. పేరు చెప్పను, ద్రోహి అయినా స్నేహితుడు. బండి సర్వీసింగని ఇంట్లో చెప్పి శనివారం శనివారం ఎంవీపీ కాలనీలో కౌన్సెలింగుకి వెళ్తున్నాడు. కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ బిగుస్తోందో చూసుకోమన్నారట. (దవడ దగ్గరట.) కేకేసే ముందు ఊపిరి నెమ్మదిగా వదలమన్నారట. చనిపోయిన తండ్రికి ఉత్తరం రాయమంటే నాలుగు వాక్యాలు రాసి, నెల రోజులు కలం ముట్టలేదట. అంతకన్నా ఘోరం, పదేళ్ళ కొడుకు పక్కన కూర్చుని "నిన్న నీమీద అరిచాను, తప్పు నాదేరా నాన్నా" అన్నాడట. వాడు కాసేపు ఆలోచించి "అయితే ఐస్‌క్రీం కొంటావా?" అన్నాడట. తరతరాల పితృగౌరవం ఒక కోను ఐస్‌క్రీంకి పోయింది.

ఇప్పుడు సందులో బండి చప్పుడైనా ఆ ఇంట్లో టీవీ ఆగడం లేదు. సర్వీసింగు సంగతి వాళ్ళావిడకి తెలియదని మావాడి ధీమా. కిందటి శనివారం జోరున వాన, ఇవాళ్టికి మానేద్దామని కూర్చుంటే ఆవిడే రెయిన్‌కోటు తెచ్చి చేతిలో పెట్టిందట.

"వెళ్ళిరండి, ఈమధ్యే కదా బండి కాస్త దారిలో పడుతోంది!"