రెండు వైపుల కుటుంబ చరిత్రా అడగాలి

అమెరికాలో నల్లజాతి మహిళలకు రొమ్ము క్యాన్సర్ వచ్చే రేటు శ్వేతజాతి మహిళల కంటే కొంత తక్కువే అయినా, ఆ జబ్బుతో మరణించే రేటు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువ. ఆలస్యంగా బయటపడటం, చికిత్సలో జాప్యం, లొంగదీయడం కష్టమైన ‘ట్రిపుల్ నెగటివ్’ రకం కణితులు ఇందుకు కొన్ని కారణాలు. వీటికి తోడు, వంశపారంపర్య ముప్పును పట్టిచ్చే జన్యు పరీక్ష చేయించుకొమ్మని వైద్యులు నల్లజాతి మహిళలకు చెప్పడం తక్కువని అక్కడి అధ్యయనాలు చూపుతున్నాయి. దీన్ని దూరదేశపు సంగతిగా చదివి వదిలేయడం తిరుపతి, చిత్తూరు జిల్లాలకు తగదని మా అభిప్రాయం.

రొమ్ము క్యాన్సర్ వంశపారంపర్య ముప్పుతో ముడిపడిన బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోమ్‌పై ఉందని అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపింది. 1994లో ఆ జన్యువు, మరుసటి ఏడు అలాంటిదే అయిన బీఆర్‌సీఏ2 శాస్త్రవేత్తల చేతికందాయి. వీటిలో దేనిలోనైనా హానికరమైన మార్పు ఉన్న మహిళకు 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. ఆ మార్పు తల్లి నుంచే రావాలని లేదు, తండ్రి నుంచీ అంతే సులువుగా వస్తుంది. ముప్పు పెరగడానికి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన మార్పున్న జన్యు ప్రతి ఒక్కటి చాలు గనుక, మేనరికం వల్లే ఈ జబ్బు వస్తుందన్న నమ్మకం సరికాదు.

పరీక్ష చేయించుకున్నా అందరికీ ఒకే తీరు జవాబు రాదు. కనిపించిన మార్పు హానికరమా కాదా అన్నది ఇంతకుముందు పోగైన జన్యు సమాచారంతో పోల్చి చెబుతారు, ఆ సమాచారంలో అత్యధిక భాగం ఐరోపా మూలాలవారిది. అందుకే నల్లజాతి, ఆసియా మహిళలకు ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అనే ఫలితం ఎక్కువగా వస్తోంది. పలమనేరు మహిళకైనా ఇదే చిక్కు. 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను నమోదు చేసిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు మంచి ఆరంభమే అయినా, ఇన్ని కులాల్లో, తెగల్లో తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు జరిగే దేశానికి అది చాలదు.

స్విమ్స్, రుయా ఆసుపత్రులు, 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి తిరుపతిలోనే ఉన్నాయి, చిత్తూరు వారికి వేలూరు పక్కనే. కొరవడేది పెద్ద భవనం కాదు, రోగితో కూర్చుని మాట్లాడే తీరిక. ఆసుపత్రికి మహిళ వెంట తరచూ వచ్చేది అత్తింటివారు, ఆమె మేనత్తో, తండ్రి తల్లో ఏ జబ్బుతో పోయారో వారికి తెలియదు. తెలిసిన పుట్టింటివారు, ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలుంటే, సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో నోరు మెదపరు. ఆ భయం నిజమైనది, దాన్ని మందలించి పోగొట్టలేము. తెలుగులో, ఆమెతో ఒంటరిగా, గోప్యతకు హామీ ఇచ్చి మాట్లాడే శిక్షణ పొందిన కౌన్సెలర్లు ప్రతి క్యాన్సర్ విభాగంలోనూ ఉండాలి.

కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిన, 65 ఏళ్లు దాటని ప్రతి రోగికీ బీఆర్‌సీఏ పరీక్ష అవకాశం ఇవ్వాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘాలు 2024లో సూచించాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన మహిళలకు ఈ జబ్బు దాదాపు పదేళ్లు ముందే వస్తున్నప్పుడు, ఆ అవకాశం డబ్బున్నవారికే దక్కడం అన్యాయం. పరీక్ష, కౌన్సెలింగ్ ఖర్చులను ఎన్టీఆర్ వైద్యసేవ కింద ప్రభుత్వమే భరించాలి. మార్పు బయటపడితే అక్కాచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ పరీక్ష ఖర్చు విషయంలో అదే ధీమా ఉండాలి. బీమా సంస్థలు జన్యు ఫలితాన్ని సాకుగా చూపకుండా అమెరికా 2008లో ఆరోగ్య బీమాకు చట్టం చేసింది, మన పార్లమెంటూ చేయాలి. ఈలోగా ఆసుపత్రులు తమంతట తాము చేయగలిగిన పని ఒకటుంది: ఈరోజు తేలని మార్పు రేపు హానికరమని తేలితే, ఏ ఊరిలో ఉన్నా ఆ మహిళకు ఫోన్ చేసి చెప్పే బాధ్యతను పరీక్ష రాసిన విభాగమే తీసుకోవాలి.