టేబుల్ దిగని ల్యాప్‌టాప్ దొరకు నల్లగొండ నుంచి ఉత్తరం

బాంచెన్ దొరా! దండం పెట్టి రాయునది ఏమనగా,

‘ఎక్కడికంటే అక్కడికి తీస్కపోవచ్చు’ అన్న ఒక్క మాట మీద మిమ్మల్ని కొనుక్కొస్తరు. తెచ్చిన రోజే టేబుల్ మీద గడీ కట్టిస్తరు. ఇగ మీరు దిగరు. మెడ నొయ్యకుండ స్టాండు, విసనకర్ర పట్టనీకి కూలింగ్ ప్యాడ్, కొట్టనీకి వేరే కీబోర్డు, మౌసు, పోర్టులు సాలయి కాబట్టి యూఎస్‌బీ హబ్, కండ్లకు 22 అంగుళాల మానిటర్. ఇంతమంది వెట్టి చేస్తుంటే మీ సొంత పని మడత పడుడొక్కటే. అదీ ఎన్నాళ్లు? మూతను ఒక మూల పట్టి లేపీ లేపీ హింజి (మూత తిరిగే కీలు) బిగుస్తది, ప్లాస్టిక్‌ల గుచ్చిన ఇత్తడి నట్లను ఊడబీకుతది.

ఇంకో సంగతి. ఆ మానిటర్, కీబోర్డు, మౌసు ఎట్లాగూ కొన్నరు గదా. డెస్క్‌టాప్‌కు ఇంక కావాల్సింది క్యాబినెట్, అదే సీపీయూ డబ్బా, ఒక్కటే!

మీ పేరు గూడ పెద్దదే. ప్రాసెసర్ ఐ5 అని మీకూ రాసుంటది, డెస్క్‌టాప్‌కూ రాసుంటది. పేరొకటే, తాకత్ వేరు. నంబర్ చివర ‘యు’ అక్షరం ఉంటే మీ ప్రాసెసర్ 15 వాట్ల లెక్క, డెస్క్‌టాప్‌ది మామూలుగ 65 వాట్లు. మే నెల ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు, పత్తి దూది, దుమ్ము కలిసి ఫ్యాన్ ముందటి రాగి రేకుల మీద చాప పరిస్తే, మీరు లోపల 95 డిగ్రీలకు ఎక్కి వేగం మీకు మీరే తగ్గించుకుంటరు. చూసేటోళ్లు వైరస్ అనుకుంటరు. వైరస్ కాదు, చాప. కింద మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకి, ఫ్యాన్ రెక్క తిరగకుండ వేలు అడ్డం పెట్టి కుంచెతో దులిపితే తగ్గే జబ్బది.

పాలమూరు పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు, కదలదని దాన్నెవరూ తక్కువ చేయలే. 2018ల చెదలు పట్టినప్పుడు కొమ్మకు కొమ్మ సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన్రు. డెస్క్‌టాప్ వైద్యం గూడ గంతే, ఏ కొమ్మకు రోగమొస్తే ఆ కొమ్మకే. ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటిచ్చే డబ్బా) పోతే నాలుగు స్క్రూలు, ర్యామ్ సాలకుంటే ఖాళీ స్లాట్‌ల ఇంకో 8 జీబీ. మీ జాతిల శానామందికి ర్యామ్ బోర్డుకే టంకమేసి ఉంటది, కీబోర్డు పై ప్యానెల్‌కు రివెట్లు కొట్టి ఉంటది. చాయ్ ఒలికి నాలుగు మీటలు పోతే ప్యానెల్ మొత్తం మార్చాలె.

కరెంటు పోయిన కాడ మాత్రం మీదే పైచేయి, బ్యాటరీ మీ కడుపులనే ఉంటది, ఒప్పుకుంటం. డెస్క్‌టాప్ కింది 600 వీఏ యూపీఎస్‌ల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. లెక్కకు 84 వాట్ అవర్లు, పనికి పది పదిహేను నిమిషాలు: ఫైల్ సేవ్ చేసి బంద్ చేయనీకి. దానికే లేజర్ ప్రింటర్ గూడ తగిలిస్తే కుయ్యోమని ఆరిపోతది. రెండు మూడేండ్లకు బ్యాటరీ మార్చాలె. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి పెడితే క్యాబినెట్ రేకు ముట్టుకున్నోళ్లకు చిమచిమలాడుతది.

హైదరాబాద్ హాస్టల్‌కూ ఇంటికీ తిరిగే పిల్లలకు మీరే కావాలె, కాదనం. మిర్యాలగూడ మిల్లుల లెక్కలు రాసే బల్ల మీద, జిరాక్స్ షాపుల మీకేం పని? రాత్రింబవళ్లు చార్జర్ పెట్టుకొని, వందకు వంద శాతం నింపుకొని, ఆ వేడిల కూసుంటే లిథియం బ్యాటరీ తొందరగ ముసలిదైతది. సెట్టింగ్స్‌ల 80 శాతం కాడ ఆపే మీట శానా మాడళ్లల ఉంటది, ఎవరూ ఒత్తరు.

ఆ బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేసిందంటే మాత్రం నొక్కి సదరనియ్యకున్రి, సూది గుచ్చనియ్యకున్రి. చార్జర్ పీకి, బంద్ చేసి, బ్యాటరీ తీయించుకొమ్మని మీ ఇంటోళ్లకు చెప్పున్రి.

ఇట్లు,
మీ కింద మూత విప్పేటోళ్లు