పాస్‌వర్డ్ అడిగే హక్కు ఎవరిచ్చారు?

అనంతపురం జిల్లాలోని ఒక కళాశాలలో సర్క్యులర్ ఇచ్చి, అధ్యాపకుల చేత, పీహెచ్‌డీ విద్యార్థుల చేత నింపించిన పట్టిక ఒకటి మా డెస్కుకు చేరింది. అందులో నాలుగు గడులు ఉన్నాయి. పేరు, ఆర్కిడ్ (ORCID) నంబరు అంటే పరిశోధకుడి గుర్తింపు సంఖ్య, ఈమెయిల్, ఆర్కిడ్ ఖాతా పాస్‌వర్డ్. నాలుగో గడిలో కొందరు బాల్‌పెన్నుతో రాసిచ్చింది చూస్తే పుట్టిన తేదీల్లా ఉన్నాయి. అదే కాగితం చేతులు మారుతూ స్టాఫ్‌రూమంతా తిరిగింది.

ఆర్కిడ్ గురించి ఇక్కడి అధ్యాపకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2012 నుంచి ఉన్నదే, ఉచితంగా ఇచ్చేదే. ఇంటిపేరు ముందో వెనకో తేలక, ఒక జర్నల్లో 'కె. శ్రీనివాసులు', మరో జర్నల్లో 'శ్రీనివాసులు కె.' అయిపోయే మనవాళ్లకు ఈ 16 స్థానాల నంబరు చేసే మేలు అంతా ఇంతా కాదు. ఉద్యోగం మారినా, ఊరు మారినా నంబరు మారదు. అది మనిషిది, కళాశాలది కాదు. అందుకే ఖాతాను పరిశోధకుడే స్వయంగా తెరవాలన్న నియమం పెట్టారు.

కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గడువు దగ్గరపడింది, వివరాలు త్వరగా కావాలి అంటోంది ఆఫీసు. తొందర నిజమే కావచ్చు. కానీ నంబరు తెలిస్తే చాలు, అందరికీ కనిపించేలా పెట్టిన వ్యాసాల జాబితాను ఎవరైనా చూడొచ్చు. ఎక్కించడానికి సాయం కావాలంటే, నమ్మిన మనిషికి అనుమతి ఇచ్చే ఏర్పాటు ఖాతాలోనే ఉంది. దానికి పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు, ఆ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. మరి పాస్‌వర్డ్ ఎందుకు?

మా భయం ఈ ఒక్క కళాశాల గురించి కాదు. ఇది ఆనవాయితీ అయితే ఎలా అన్నదే. ఇవాళ ఇక్కడ ఎవరూ నోరెత్తకపోతే రేపు కర్నూలులో, కడపలో ఇదే పట్టిక ఫొటోస్టాట్ తీస్తారు. 'అక్కడ ఇచ్చారుగా, మీకేంటి అభ్యంతరం?' అంటారు. పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాళ్లు రాయని వ్యాసం చేర్చగలరు, రాసింది తీసేయగలరు, ఈమెయిల్ మార్చి అసలు మనిషినే బయట నిలబెట్టగలరు. అలా చేస్తారని మేం అనడం లేదు. చేయగలిగే వీలు వాళ్ల బీరువాలో ఎందుకుండాలి అని అడుగుతున్నాం. పట్టాదారు పాస్‌బుక్ ఆఫీసులోనే ఉంచి పొమ్మంటే ఏ రైతైనా ఊరుకుంటాడా?

'ఇష్టపూర్వకంగానే ఇచ్చారు' అనే మాట ఇంకా బాధిస్తోంది. థీసిస్ మీద గైడు సంతకం కోసం గుమ్మం దగ్గర ఎదురుచూసే విద్యార్థి కాదనగలడా? పైగా ఖాతా లేనివాళ్లకు ఆఫీసులోనే తెరిచేశారట. అప్పటికే ఖాతా ఉండి మరిచిపోయినవాళ్లకు ఇప్పుడు రెండేసి నంబర్లు. ఒక మనిషికి ఒకే నంబరన్న ఉద్దేశమే అక్కడ గాలికి పోయింది.

సర్క్యులర్‌ను వెంటనే వెనక్కి తీసుకోవాలి. నింపిన కాగితాలను, వాటి నకళ్లను రాసిచ్చినవాళ్ల ఎదుటే చింపేయాలి. పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లు ఈ రాత్రికే దాన్ని మార్చుకుని, సొంత ఈమెయిల్‌ను కూడా ఖాతాకు కలుపుకోవాలి. ఎవరి పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని క్లాసులో పిల్లలకు చెప్పే పెద్దలు, ఈ సర్క్యులర్ మీద సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది.