డైరెక్ట్ ఫీల్ ప్రాప్తిరస్తు

తాళాలు చేతిలో పెట్టి "నడుపు" అనేవాడితో నాకు పేచీ లేదు. తాళాలిచ్చి, తాను పక్క సీట్లో కూర్చుని, రోడ్డు వదిలేసి మన మొహంలోకే చూస్తూ "తెలుస్తోందా?" అని అడిగేవాడితోనే ప్రాణసంకటం. ఈ జాతి ఈమధ్య బాగా పెరిగింది. మీకూ ఒకడు తగిలే ఉంటాడు. కారుకి కొత్తగా పాలీయురేథేన్ స్టీరింగ్ బుష్‌లు, అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్ ఉంగరాలు, వేయించి ఉంటాడు. ఇక రోడ్డు స్పర్శ సూటిగా చేతికి తెలుస్తుందంటాడు, దాని పేరే "డైరెక్ట్ ఫీల్". ఆ బుష్‌లు ఎర్రగా ఉంటాయి. ఎక్కడో ఇంజన్ కింద, సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప చట్రం సందులో, బురద తప్ప ఇంకెవరూ చూడని చోట నిగనిగలాడుతూ ఎర్రగా ఉంటాయి. ఆ రంగు ఎవరి కోసమని అడక్కూడదు. అది నాస్తికత్వం.

తెలియనివాళ్ల కోసం కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. భక్తులు ఈ పేరా దాటేయొచ్చు, ఎలాగూ దాటేస్తారు. స్టీరింగ్ రాక్ అనే పొడుగాటి గొట్టాన్ని కారు కింద సబ్‌ఫ్రేమ్‌కి బోల్టులేసి బిగిస్తారు. గొట్టానికీ ఇనుముకీ మధ్య రబ్బరు బుష్‌లుంటాయి. మనం స్టీరింగ్ తిప్పగానే టైర్లు వెంటనే ఒప్పుకోవు. వాటి మొండితనానికి రాక్ మొత్తం ఆ రబ్బరులో కాస్త పక్కకి ఒరిగి, అప్పుడు చక్రాల్ని తిప్పుతుంది. రాక్ ఒక్క మిల్లీమీటరు జరిగినా మామూలు కారులో స్టీరింగ్ దగ్గర అది దాదాపు 7 డిగ్రీల తేడా. కాబట్టి సంగతి పూర్తిగా బూటకం కాదు. ఫ్యాక్టరీ రబ్బరు గట్టిదనం షోర్ ఎ కొలతలో సుమారు 50 నుంచి 70 ఉంటే, ఈ పాలీ బుష్‌లది 80 నుంచి 95. గట్టిది తక్కువ నొక్కుకుంటుంది. అంతే కథ. 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం పాలీయురేథేన్‌ని కనిపెట్టాక, లోకం దాంతో పరుపులు చేసుకుంది, బూట్ల అడుగులు చేసుకుంది. మోక్షం కూడా చేసుకోవచ్చని కనిపెట్టినవాడు మాత్రం మన మిత్రుడే.

సరే, పరీక్షకి వద్దాం. "బావా, ఒక్క రౌండు వేసి చెప్పు" అన్నాడు. వీధి మలుపు తిరిగాం. "తెలుస్తోందా?" "బాగుంది" అన్నాను. బాగుంది అనే మాట అతనికి చాలలేదు. కారు ఆపించి ఏసీ కట్టేశాడు. ఫ్యాను చప్పుడులో ఫీల్ కొట్టుకుపోతుందట. పాటలు కట్టేశాడు. కిటికీలు మూయించాడు. స్టీరింగ్‌ని గుప్పిట పట్టడం మొరటు పని, వేళ్ల కొసలతో పట్టుకోవాలన్నాడు. పట్టుకున్నాను. చెమటలు పడుతున్నాయి. "ఇప్పుడు కొంచెం ఎడమకి... కొంచెమే... ఆ! తెలిసిందా?" నిజానికి అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, వెనకాల బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదని. "తెలిసింది" అన్నాను. "ఏం తెలిసింది?" అన్నాడు. మౌఖిక పరీక్ష కూడా ఉంటుందని నేననుకోలేదు. "మధ్యలో... ఆ మెత్తదనం... పోయింది" అని నసిగాను. పరీక్షాధికారి కళ్లు చెమర్చాయి. బూట్లు విప్పి నడిపితే ఇంకా తెలుస్తుందన్నాడు. కాళ్లకీ స్టీరింగ్‌కీ ఏం సంబంధమని నేను అడగలేదు. అప్పటికే ఒక కాలి లేసు విప్పి ఉన్నాను.

సిగ్నల్ దగ్గర ఆగాం. ఇంజన్ ఐడిల్‌లో ఉంది. స్టీరింగ్ నా చేతుల్లో సన్నగా వణకడం మొదలెట్టింది. "ఇదేమిటి?" అన్నాను. "ఇన్ఫర్మేషన్" అన్నాడు గంభీరంగా. సిగ్నల్ పడ్డాక గతుకు మీదికెక్కాం. మోచేతుల దాకా ఝల్లుమంది. అదీ ఇన్ఫర్మేషనే. వెనక సీట్లో వాళ్లమ్మగారు "ఏమిట్రా ఈ దడదడ, మొన్నటిదాకా బాగానే ఉండేదిగా" అన్నారు. "రోడ్డు మనతో మాట్లాడుతోందమ్మా" అన్నాడు. "దాన్ని కాసేపు నోరు మూసుకోమను" అన్నారావిడ. ఆ కార్లో ఆ రోజు నోరు విప్పిన ఏకైక ఇంజనీరు ఆవిడే. ఎందుకంటే ఫ్యాక్టరీ వాళ్లు అక్కడ రబ్బరు పెట్టింది సరిగ్గా ఆ వణుకుని మింగడానికి. డబ్బు పెట్టి ఆ నోటికి వేసిన తాళం తీయించుకున్నాడు మనవాడు.

ఇంకో చిన్న విషయం చెబితే అతని గుండె పగులుతుందని చెప్పలేదు, మీకు చెబుతాను. పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో రాక్‌ని కదిపే పినియన్ అనే పళ్ల చక్రం దగ్గరో, స్టీరింగ్ కింది కాలమ్ అనే కడ్డీలోనో టోర్షన్ బార్ అనే సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని వృత్తిధర్మమే మెలితిరగడం. మనం తిప్పితే అది కాస్త మెలితిరుగుతుంది. ఎంత మెలితిరిగిందో చూసి హైడ్రాలిక్ వాల్వు తెరుచుకుంటుంది, లేదా మోటారు సాయానికొస్తుంది. అంటే మన చేతికీ చక్రానికీ మధ్య ఒక మెత్తదనాన్ని కంపెనీయే పనిగట్టుకుని పెట్టింది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే చేతికి తగిలే బరువులో చాలావరకు సాఫ్ట్‌వేర్ వడ్డించిందే. ఆ తర్వాత టైరు పక్కగోడ వంగుతుంది.  ఇన్ని వంపుల మధ్య నాలుగు ఉంగరాలు మార్చి "ఇక డైరెక్టే" అంటున్నాడు.

అసలు కిటుకు వేరే ఉంది. అతను పోల్చింది పాలీతో రబ్బరుని కాదు. కొత్తదానితో చచ్చినదాన్ని. తీసేసిన పాత బుష్‌లు డాష్‌బోర్డు అరలో దాచుకున్నాడు, విజయచిహ్నాలుగా. ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. లోపలి అంచు చిట్లి, రబ్బరు పొడిపొడిగా వేళ్లకి అంటుకుంటోంది. ఆయిల్ తాగి ఒక పక్క ఉబ్బింది కూడా. వాటి స్థానంలో కొత్త ఫ్యాక్టరీ రబ్బరువి వేసినా అతని కళ్లు ఇలాగే చెమర్చేవి, పైగా వాళ్లమ్మగారు హాయిగా కునుకు తీసేవారు. కానీ ఫ్యాక్టరీ బుష్ నల్లగా ఉంటుంది. దాని ఫొటో తీసి ఎవరికి పంపిస్తాం?

ఇక్కడిదాకా నవ్వుకుందాం. ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఆ బుష్‌లు వేసిన రోజు మెకానిక్ ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. టక్, టక్. రాక్‌ని చక్రానికి కలిపే టైరాడ్ ఎండ్ అనే కీలు రబ్బరు టోపీ చిరిగి, గ్రీజంతా పోయి, లోపలి గుండు తుప్పు పట్టింది. "సార్, ముందు ఇది మార్చాలి. ఇది ఊడితే చక్రం దాని ఇష్టం" అన్నాడా కుర్రాడు. చక్రానికీ స్టీరింగ్‌కీ మధ్య ఉన్న సంబంధం అదొక్కటేనని అంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? "అది ఇంకోసారి చూద్దాం, ఇవాళ బుష్‌లు కానియ్" అన్నాడట. ఈ సంగతి నాకు ఇతనే చెప్పాడు, మెకానిక్‌లు ఎలా డబ్బు గుంజుతారో ఉదాహరణగా! పునాది కదిలిపోతుంటే ద్వారబంధానికి రంగులేయించడం అంటే ఇదే.

టైరు చూశాను. అంచున గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు: 2316. అంటే 2016లో 23వ వారం పుట్టిన టైరు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే టైరు వాడకూడదని చాలా దేశాల్లో చట్టం. ఈ టైరు నడిమధ్యలో గాడి ఉండేదని చెప్పడానికి ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి. వానలో ఆ టైరు కింద చేరిన నీళ్లు ఎటూ పోవు. అప్పుడు రోడ్డు మనతో మాట్లాడదయ్యా, అసలు రోడ్డే మన కింద ఉండదు.

ఇంకా ఉంది. రాక్ దించేటప్పుడు కాలమ్ జాయింట్ విడదీయాల్సి వస్తే స్టీరింగ్ కదలకుండా కట్టేయాలి. కట్టకుండా వదిలేస్తే అది గిర్రున తిరిగి, దాని వెనకున్న క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టలోని పల్చటి రిబ్బన్ కేబుల్ పుటుక్కున తెగిపోవచ్చు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌కి తీగ దాంట్లోంచే వెళ్తుంది. మనవాడి కార్లో ఆ పని ఎవరు ఎలా చేశారో నేను చూడలేదు. మీటర్ల మధ్య ఎయిర్‌బ్యాగ్‌లో తేడా వస్తే వెలిగే హెచ్చరిక లైటు ఉండాల్సిన చోట చిన్న నల్ల టేపు ముక్క మాత్రం చూశాను. "అది రాత్రిపూట కళ్లలో కొడుతోంది బావా" అన్నాడు.

ఒరేయ్, ఆ కార్లో నీ పిల్లల్ని ఎక్కిస్తున్నావురా. మీ అమ్మని ఎక్కిస్తున్నావు. ఎదురొచ్చే బండిలోనూ ఎవరి పిల్లలో ఉంటారు, వాళ్లకి నీ ఎర్ర బుష్‌లతో నిమిత్తం లేదు. నీ సరదా నీ డబ్బు, ఎవరూ కాదనరు. రాక్ బుష్ నిజంగా పోతే మార్చు, పాలీయే వేసుకో, బంగారంతో పోత పోయించుకో. కానీ ముందు ఊగే జాయింట్లు మార్చి, టైర్లు మార్చి, అలైన్‌మెంట్ చేయించి, ఆ టేపు పీకి, దాని వెనకున్న జబ్బు చూపించుకుని ఆ తర్వాత ఏడువు. ఈ ముక్కలన్నీ అతని మొహమ్మీదే అన్నాను. శ్రద్ధగా విన్నాడు. నాలో ఔత్సాహికుడి లక్షణాలు తక్కువన్నాడు.

నిన్న ఫోన్ చేశాడు. పాలీ కూడా మెత్తగానే ఉందట, ఆ మధ్యలో ఏదో ఇంకా ఊగుతోందట. అల్యూమినియం బుష్‌లు ఆర్డరు పెట్టాడు. టైరాడ్ ఎండ్ మార్చావా అని అడిగాను.

"అది కంపెనీ స్టాక్‌దే కదా బావా, అందులో అప్‌గ్రేడ్ ఏముంది?" అన్నాడు.