గోంగూర పచ్చడికి ఐపీఎల్ ట్యాగ్ ఎందుకు?

"రీల్స్ వైరల్ కావాలంటే" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి మా కుటుంబం గ్రూపులోకి ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ప్రతి వీడియోకి 30 హ్యాష్‌ట్యాగులు పెట్టాలి. #వైరల్, #ట్రెండింగ్, #ఎఫ్‌వైపీ తప్పనిసరి. హీరోల పేర్లు, క్రికెట్ కూడా కలిపితే ఇంకా మంచిది. ట్యాగులన్నీ మొదటి కామెంట్‌లో పెట్టాలి. యూట్యూబ్‌లో #షార్ట్స్ అని రాయకపోతే అది షార్ట్ కిందకే రాదు. అవే ట్యాగులు మళ్లీ మళ్లీ వాడితే షాడో బ్యాన్, అంటే మనకు చెప్పకుండానే మన వీడియోలను జనానికి చూపించడం తగ్గించేస్తారట.

మా పిన్ని దీన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. గోంగూర పచ్చడి వీడియో తీసింది. ఆకు నూనెలో మగ్గుతూ రంగు తిరగడం చాలా దగ్గర నుంచి, బాగా తీసింది. కింద చూస్తే ఐపీఎల్ ఉంది, ఇద్దరు హీరోలున్నారు, గోంగూర లేదు! "ఇన్ని పెట్టినా ఎవరూ చూడట్లేదేమే?" అని ఫోన్ చేసింది. ఆవిడకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ 30 సంగతి. ఇన్‌స్టాగ్రామ్ చాలా ఏళ్లు ఒక పోస్టుకి 30 దాకా పెట్టనిచ్చిన మాట నిజమే. పెట్టనివ్వడం వేరు, పెట్టమనడం వేరు. 2021లోనే క్రియేటర్ల కోసం నడిపే సొంత ఖాతాలో 3 నుంచి 5 చాలని చెప్పింది. 2025 చివర్లో ఆ పరిమితినే 5కి తగ్గించింది. యూట్యూబ్‌లో పరిమితి పెద్దదే, దాటితే శిక్షే కఠినం: ఒక వీడియోకి 60 దాటితే ఒక్క ట్యాగునూ లెక్కలోకి తీసుకోదు.

#ఎఫ్‌వైపీ మాట వింటే నాకు నవ్వొస్తుంది. అది టిక్‌టాక్‌లో 'ఫర్ యూ' పేజీకి పొట్టిపేరు. టిక్‌టాక్‌ని మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించారు. దుకాణం మూసేసి ఇన్నేళ్లయినా దాని బోర్డు ఇన్‌స్టాలో వేలాడదీస్తున్నాం. #వైరల్ కూడా అంతే. వీడియో దేని గురించో అది చెప్పదు, మన ఆశ ఏమిటో చెబుతుంది. వేసవిలో పిన్ని జాడీల మీద ఆవకాయ, మాగాయ అని చీటీలు అంటిస్తుంది కదా, 'అందరికీ నచ్చేది' అని రాయదు కదా!

హీరోల పేర్లు పెట్టడం పనికిరాకపోవడమే కాదు, ప్రమాదం కూడా. వీడియోకి సంబంధం లేని ట్యాగులు పెడితే వీడియోనే తీసేయవచ్చని యూట్యూబ్ నియమాల్లో ఉంది. అదీగాక మ్యాచ్ కోసం వచ్చినవాడికి రోలు కనిపిస్తే ఏం చేస్తాడు? వేలితో పైకి తోసేస్తాడు. దెబ్బ అక్కడే పడుతుంది. రీల్ ఎంతమందికి చేరాలో తేల్చేవాటిలో ముఖ్యమైనవి ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా అన్నవేనని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. హ్యాష్‌ట్యాగులతో రీచ్ పెద్దగా పెరగదని కూడా ఆయన చాలాసార్లు అన్నారు.

మొదటి కామెంట్ చిట్కా పూర్తిగా తలకిందులు. సెర్చ్‌లో దొరకాలంటే ట్యాగులూ ముఖ్యమైన మాటలూ కామెంట్‌లో కాదు, క్యాప్షన్‌లోనే పెట్టమని ఇన్‌స్టాగ్రామే 2021లో చెప్పింది.

#షార్ట్స్ విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్లను మరీ తిట్టలేను. 2020 సెప్టెంబర్‌లో షార్ట్స్‌ని మొదట మన దేశంలోనే ప్రయోగించినప్పుడు ఆ ట్యాగ్ పెట్టమని యూట్యూబే అడిగింది. ఇప్పుడు అవసరం లేదు. వీడియో నిలువుగానో చతురస్రంగానో ఉండి, 3 నిమిషాలు దాటకపోతే చాలు. ఆ 3 నిమిషాలు కూడా 2024 అక్టోబర్ 15 నుంచే, అంతకుముందు 60 సెకన్లు.

ఇక షాడో బ్యాన్. వ్యూస్ తగ్గిన ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదు. ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో 'అకౌంట్ స్టేటస్' తెరిస్తే మీ పోస్టులను కొత్తవాళ్లకు చూపించడానికి ఏదైనా అడ్డు ఉందో లేదో కనిపిస్తుంది. రోజూ పచ్చళ్ల వీడియోలు పెట్టే మనిషి రోజూ #పచ్చడి అని రాయడంలో తప్పేముంది?

అలాగని హ్యాష్‌ట్యాగులు దండగ అనడం లేదు. వెతికేవాళ్లకు అవి దారి చూపిస్తాయి. కాకపోతే తెలుగులో రాసేటప్పుడు చూసుకోవాల్సిన చిక్కులు కొన్ని ఉన్నాయి, మెసేజ్‌లో వాటి ఊసే లేదు. పిన్ని రెండోసారి "#గోంగూర పచ్చడి" అని మధ్యలో ఖాళీ వదిలి రాసింది. ఖాళీ దగ్గరే ట్యాగ్ తెగిపోతుంది. #గోంగూర మాత్రమే మిగిలింది, పచ్చడి బయటపడింది. కలిపి #గోంగూరపచ్చడి అనాలి, లేదా మధ్యలో అండర్‌స్కోర్ పెట్టాలి. దీనికంటే పెద్ద చిక్కు మన విభక్తులతో. "#గుంటూరులో మా అమ్మ చేసే #పచ్చడితో" అని వాక్యంలోనే ట్యాగులు ఇరికిస్తే #గుంటూరులో, #పచ్చడితో అన్నవి వేరే ట్యాగులైపోతాయి. #గుంటూరు నొక్కినవాళ్లకు మీ వీడియో ఆ ట్యాగ్ కింద తగలదు. అందుకే వాక్యాన్ని వాక్యంలా రాసుకుని, ట్యాగులు చివర్లో విడిగా పెట్టడం మేలు. ఫోన్‌లో తెలుగు టైప్ చేయనివాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు కాబట్టి అలా ఒకటి జోడించినా నష్టం లేదు.

చివరికి పిన్ని ఐదే పెట్టింది: #గోంగూరపచ్చడి, #తెలుగువంటలు, #రోటిపచ్చడి, #గుంటూరు, ఇంగ్లీషు అక్షరాల్లో గోంగూర. పైన ఒక వాక్యం రాసింది: "ఎర్ర గోంగూరతో రోటి పచ్చడి, ఎండుమిర్చి ఎంత వేయాలో చూడండి."

"ఇప్పుడు వ్యూస్ వస్తాయా?" అంది.

"ముందు ఆ నమస్కారం తీసెయ్ పిన్నీ. మొదటి ఏడు సెకన్లు ఛానెల్ పేరు చెప్పడానికే సరిపోతున్నాయి. గోంగూర కనపడేలోపు నేనే తోసేశాను" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.